మే ఎండకు జిగురు సాగకుండా కాంక్రీట్ దూలానికి కార్బన్ పట్టీ అతికించడం ఎలా

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా, సిరొంచ వైపు పాత గోదాముల్లో, ఇళ్లలో దూలాలకు బలం పెంచడానికి కార్బన్ ఫైబర్ పట్టీ వేయిస్తున్న మేస్త్రీలకు, సైట్ ఇంజనీర్లకు, ఖర్చు పెట్టే యజమానులకు ఈ పద్ధతి పనికొస్తుంది. కార్బన్ పట్టీ తెగడం చాలా అరుదు. పట్టీకీ కాంక్రీట్‌కీ మధ్య ఉండే రెండు మిల్లీమీటర్ల ఎపాక్సీ పొరే చిక్కు. భారం దాని మీద నెలల తరబడి ఆగకుండా ఉంటే ఆ పొర మెల్లగా సాగుతూ పోతుంది. దీన్నే క్రీప్ అంటాం. అతికించిన వారానికి చేసే పుల్ ఆఫ్ పరీక్షలో (బిళ్ల అతికించి, ఊడేదాకా లాగి చూడడం) ఇది అసలు బయటపడదు. ఆ పరీక్షలో లాగేది నిమిషం పాటే, భారం ఉండేదేమో ఇరవై ఏళ్లు.

ఎపాక్సీని బెల్లం గడ్డలా ఊహించుకోండి: డిసెంబర్‌లో సుత్తి పెట్టి కొట్టాలి, మేలో వేలితో నొక్కితే చాలు. అలా గట్టితనం పోయి మెత్తబడే హద్దును గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత అంటారు. సైట్లో దాన్ని టీజీ అంటాం. మామూలు గాలి వేడికే గట్టిపడే ఎపాక్సీల టీజీ ఎక్కువగా 45 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. మన వైపు మే నెలలో నీడలోనే 46, 47 డిగ్రీలు నమోదవుతాయి. కాబట్టి పని లెక్కలతో మొదలవదు, థర్మామీటర్‌తో మొదలవుతుంది.

మొదటి పని: ఆ చోటు ఎంత వేడెక్కుతుందో చూడండి

పట్టీ వేసే ముఖం మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి, ఏప్రిల్ చివర్లో గానీ మేలో గానీ మధ్యాహ్నం రెండింటి నుంచి సాయంత్రం ఆరు వరకు గంటకోసారి కొలవండి. సాయంత్రం దాకా ఎందుకంటే, స్లాబ్ పైన తగిలిన ఎండ వేడి కింది ముఖానికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. కింది ముఖం ఎక్కువగా వేడెక్కేది నాలుగు దాటాకే. ఎండ నేరుగా తగిలే స్లాబ్ పైభాగం 60 దాటుతుంది. పెయింట్ వెయ్యని నల్లటి కార్బన్ ఎండలో దానికంటే ఎక్కువ కాలుతుంది.

వచ్చిన గరిష్ఠ అంకెకు 15 కలపండి. ఎపాక్సీ టీజీ కనీసం అంత ఉండాలి. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ మార్గదర్శకం 440.2ఆర్ చెప్పేది ఇదే: వాడుకలో ఉష్ణోగ్రత టీజీ కంటే 15 డిగ్రీలు తక్కువే ఉండాలి. గోదాము లోపల దూలం కింద 47 వస్తే టీజీ 62 కావాలి. రేకుల షెడ్డు కింద 52 వస్తే 67 కావాలి. ఎండ తగిలే ముఖం 65కు చేరితే 80 కావాలి, అది గాలికి గట్టిపడే ఎపాక్సీతో కుదరని మాట. అక్కడ కార్బన్ పట్టీ ఆలోచన వదిలేయండి. బోల్టులతో బిగించే స్టీలు ప్లేట్లు, ఆర్‌సీసీ జాకెట్, సిమెంట్ మోర్టార్‌లో ఇమిడ్చే ఫైబర్ జాలి, వీటిలో ఏదో ఒకటి ఎంచుకోండి. బాయిలర్ గోడకు ఆనుకున్న దూలాలకు, హోటల్ భట్టీ పైనున్న స్లాబ్‌కూ ఇదే మాట.

డాబా స్లాబ్ అయితే పైన తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించండి. ఖర్చు కొంచెమే, కింద ఉన్న జిగురుకు మాత్రం చాలా మేలు.

డేటా షీట్‌లో ఏ అంకె నమ్మాలి

టీజీ అంకె పక్కన మూడు విషయాలు వెతకండి. ఒకటి, ఏ వేడిలో క్యూర్ చేశాక, అంటే గట్టిపరిచాక, కొలిచారు. 45 డిగ్రీల ఓవెన్‌లో వారం ఉంచి కొలిచిన టీజీ మీ సైట్లో రాదు. గాలి వేడికి గట్టిపడే ఎపాక్సీ టీజీ, అది గట్టిపడిన ఉష్ణోగ్రత కంటే సుమారు 10 నుంచి 20 డిగ్రీలు పైకి వచ్చి అక్కడే ఆగుతుంది. రెండు, ఏ పద్ధతిలో కొలిచారు. డీఎంఏ పరీక్షలో (వేడి పెంచుతూ ముక్కను ఊపి గట్టితనం కొలిచేది) టాన్ డెల్టా శిఖరం దగ్గరి అంకె ఇస్తే 10 నుంచి 15 తీసేసి చూడండి, ఎందుకంటే గట్టితనం పడిపోవడం ఆ శిఖరానికి ముందే మొదలవుతుంది. మూడు, అది అసలు టీజీయేనా. కొన్ని షీట్లలో హీట్ డిఫ్లెక్షన్ ఉష్ణోగ్రత ఇచ్చి ఊరుకుంటారు. అది వేరే పరీక్ష.

అంకె రాసి లేకపోతే ఆ సరుకు కొనకండి. ధర తక్కువని, గంటలో గట్టిపడుతుందని చెప్పి అమ్మే ఫాస్ట్ సెట్ ఎపాక్సీ దగ్గర ఇంకా జాగ్రత్త. 2006 జూలై 10న బోస్టన్‌లో సొరంగం పైకప్పు నుంచి సుమారు 26 టన్నుల కాంక్రీట్ పలకలు, వాటి వేలాడే సామాను ఊడి కారు మీద పడ్డాయి. కారులో ఉన్న మహిళ చనిపోయారు. యాంకర్ బోల్టులను పట్టుకున్న ఫాస్ట్ సెట్ ఎపాక్సీ, ఆగకుండా ఉన్న భారానికి క్రీప్ అయి బోల్టులను వదిలేసిందని దర్యాప్తులో తేలింది. అక్కడ జరిగింది యాంకర్‌ల విషయంలో, మనది పట్టీ. కానీ పదార్థం అదే, అది జారే తీరూ అదే.

తడి కూడా టీజీని తగ్గిస్తుంది. బాగా నీరు పీల్చిన ఎపాక్సీలో 10 నుంచి 20 డిగ్రీలు పోవచ్చు. నీళ్ల ట్యాంకు కింది దూలం, బాత్రూం కింది స్లాబ్ అయితే ముందు లీకేజీ ఆపించి, తర్వాతే పట్టీ సంగతి.

ఎంత భారం, ఎంతసేపు

ఇక్కడ చాలామంది ఒకే అంకె చూసి ఊరుకుంటారు. 440.2ఆర్‌లో నిలకడ భారం కింద కార్బన్‌కు దాని అంతిమ బలంలో 0.55 వంతు, గాజుకు 0.20 వంతు హద్దు ఉంది. అది ఫైబర్ తెగకుండా పెట్టిన హద్దు. జిగురు సాగకుండా చూసే లెక్క వేరు.

ఒక ఉదాహరణ. దూలం 230 × 450 మి.మీ., స్పాన్ (ఆధారాల మధ్య దూరం) 4 మీటర్లు, ఎం20 (20 మెగాపాస్కల్ బలం) కాంక్రీట్, కింద 16 మి.మీ. సలాకలు మూడు. కింది ముఖానికి 50 × 1.2 మి.మీ. కార్బన్ పట్టీలు రెండు, మాడ్యులస్ (సాగకుండా నిలిచే గట్టితనం) 165 గిగాపాస్కల్. పట్టీ వేశాక పత్తి బేళ్లో కాగితం రీళ్లో పేర్చి, మీటరుకు 9 కిలోన్యూటన్ల భారం ఏడాదంతా ఉంచుతారనుకోండి. పగిలిన సెక్షన్ లెక్కలో న్యూట్రల్ యాక్సిస్ (లాగుడూ నొక్కుడూ లేని గీత) పైనుంచి 126 మి.మీ. దగ్గర వస్తుంది. స్పాన్ మధ్యలో పట్టీలో ఒత్తిడి 63 మెగాపాస్కల్, అంటే కార్బన్ బలంలో ఓ మూలకు కూడా రాదు. ఫైబర్ గురించి చింత లేదు.

జిగురు చూద్దాం. దాని షియర్ మాడ్యులస్ (షియర్‌కు, అంటే పక్కకు జరిపే కోతకు, నిలిచే గట్టితనం) 3000 మెగాపాస్కల్, పొర మందం 2 మి.మీ. అనుకుంటే, షియర్ మాడ్యులస్‌ను పట్టీ మాడ్యులస్, పట్టీ మందం, జిగురు మందం మూడింటి గుణకారంతో భాగించి వర్గమూలం తీయండి. 3000ను 3,96,000తో భాగిస్తే, వర్గమూలం 0.087 వస్తుంది. ఇది మి.మీ.కు. పట్టీ కొనలో జిగురు మీద పడే షియర్ శిఖరం కావాలంటే, ఆ కొన దగ్గరి మూమెంట్‌ను (దూలాన్ని వంచే బలాన్ని) 0.087తో గుణించి, అక్కడి షియర్ ఫోర్స్ కలిపి, ఆ మొత్తాన్ని పట్టీ మందం, మాడ్యులర్ రేషియో 7.4, న్యూట్రల్ యాక్సిస్ నుంచి పట్టీ దాకా దూరం 324 మి.మీ.లతో గుణించి, సెక్షన్ జడత్వం 68.4 కోట్ల మి.మీ. నాలుగో ఘాతంతో భాగించాలి.

పట్టీని గోడ ముఖానికి 100 మి.మీ. దాకా తీసుకెళ్తే శిఖరం 0.7 మెగాపాస్కల్. ప్లాస్టరో పైపో అడ్డం వచ్చిందని 600 మి.మీ. దగ్గరే కోసేస్తే 3.4 మెగాపాస్కల్. భారం అదే, జిగురు అదే, పట్టీ పొట్టిదైనందుకే ఐదు రెట్లు. ఎం20 కాంక్రీట్ లాగుడు బలం రెండు మెగాపాస్కల్ చుట్టూ ఉంటుంది కాబట్టి ఆ రెండో పట్టీ జిగురు సాగేదాకా ఆగదు, అంతకుముందే కాంక్రీట్ పెచ్చు తీసుకుని ఊడుతుంది. పైపును జరపండి. పట్టీని కుదించకండి.

ఇప్పుడు జిగురు కొంత క్రీప్ అయి దాని షియర్ మాడ్యులస్ నాలుగో వంతుకు పడిందనుకోండి. శిఖరం 0.7 నుంచి సుమారు 0.4కు దిగుతుంది. చాలా పుస్తకాల్లో క్రీప్ కొనల్లో ఒత్తిడిని సర్దుతుందని రాసేది ఇందుకే, అది నిజమే. కానీ భారం పట్టీలోకి ఎక్కడానికి పట్టే పొడవు రెట్టింపైపోతుంది. వేడి టీజీ దాకా చేరి మాడ్యులస్ నూరో వంతుకు పడితే ఆ పొడవు పది రెట్లు. ఈ ఉదాహరణలో 35 మి.మీ. నుంచి 350 మి.మీ. దాకా. కాంక్రీట్ మెత్తదనం కలపలేదు కనుక అసలు పొడవులు ఇంకా ఎక్కువే ఉంటాయి. నాలుగు మీటర్ల దూలం దాన్ని తట్టుకుంటుందేమో గానీ, మీటరు పట్టీ తట్టుకోదు. పొట్టి బాల్కనీ దూలాలకు, లిఫ్టు చుట్టూ వేసే చిన్న ముక్కలకు కార్బన్ పట్టీ వద్దనేది అందుకే.

పనికొచ్చే హద్దు ఒకటి పెట్టుకోండి: నిలకడ భారం వల్ల వచ్చే కోత ఒత్తిడి, మీరు తట్టుకోవలసిన గరిష్ఠ వేడి దగ్గర జిగురు బలంలో నాలుగో వంతు దాటకూడదు. ఇది కోడ్‌లో ఉన్న అంకె కాదు, పని కోసం పెట్టుకున్న గీత. డేటా షీట్‌లో 23 డిగ్రీల బలం ఒక్కటే ఉంటే కంపెనీని 45 డిగ్రీల బలం అడగండి. ఇవ్వకపోతే వేరే సరుకు చూసుకోండి.

మరో మాట. పట్టీ వేసే ముందు దూలాన్ని జాకీలతో ఎత్తుతారు, అది మంచిదనుకుంటారు. ఎత్తకుండా వేస్తే పట్టీ మీదికి తర్వాత వచ్చే భారం మాత్రమే పడుతుంది, ఉన్న డెడ్ లోడ్ (కట్టడం సొంత బరువు) సలాకల మీదే ఉంటుంది. ఎత్తి అతికించి దింపితే డెడ్ లోడ్‌లో కొంత భాగం పట్టీ మీదికి శాశ్వతంగా వచ్చి కూర్చుంటుంది, జిగురు మొదటి రోజు నుంచే సాగడం మొదలుపెడుతుంది. దూలం మరీ కుంగి ఉంటేనే ఎత్తండి. ఎత్తితే ఆ భారాన్ని నిలకడ భారం లెక్కలో కలపండి.

అగ్ని ప్రమాదంలో పట్టీ లేనట్టే లెక్క. పట్టీ ఎలా పాడైనా దూలం కూలకుండా, పట్టీ లేకుండానే పాత దూలం 1.1 రెట్లు డెడ్ లోడ్, 0.75 రెట్లు లైవ్ లోడ్ (పైన పెట్టే సరుకు, మనుషుల బరువు) మోయగలగాలి. సరుకు ఎప్పుడూ ఉండే గోదాముల్లో లైవ్ లోడ్‌కు 0.75 బదులు 1.0 తీసుకోవాలి. మోయలేకపోతే కార్బన్ మీ దూలానికి సరిపోదు.

జిగురును ముందే పరీక్షించే చవక పద్ధతి

కొన్న బ్యాచ్ నుంచి 200 గ్రాములు కలిపి పట్టీల్లా పోయండి. పొడవు 200, వెడల్పు 15, మందం 6 మి.మీ. అచ్చుకు చెక్క పట్టీలు, లోపల మందపాటి ప్లాస్టిక్ షీట్ సరిపోతాయి. ఆరు ముక్కలు పోసి, మీ సైట్ వేడిలోనే ఏడు రోజులు ఆరనివ్వండి. ఓవెన్‌లో పెట్టకండి.

రెండు 10 మి.మీ. ఇనుప కడ్డీలను 160 మి.మీ. దూరంలో పెట్టి ముక్కను వాటి మీద ఆనించండి. నడుమ ఒక కిలో రాయి వేలాడదీసి, పైన డయల్ గేజ్ ఆనించండి. 0.01 మి.మీ. చూపేది చాలు. జిగురు మాడ్యులస్ 8000 మెగాపాస్కల్ ఉంటే, గది వేడిలో భారం పెట్టిన నిమిషానికి వంపు 0.4 మి.మీ. దగ్గర వస్తుంది. ఇందులో ఎక్కువ తేడా వస్తే కలపడంలోనో క్యూరింగ్‌లోనో తప్పుంది.

మూడు ముక్కలను మామూలు గదిలో, మూడింటిని థర్మాకోల్ పెట్టెలో ఉంచండి. పెట్టెలో 60 వాట్ల బల్బు, గుడ్లు పొదిగే ఇంక్యుబేటర్ థర్మోస్టాట్ పెట్టి, మీరు కొలిచిన గరిష్ఠ వేడికి సెట్ చేయండి. 1 గంట, 10 గంటలు, 100 గంటలు, 1000 గంటలకు వంపు రాసుకోండి. వెయ్యి గంటలంటే ఆరు వారాలు. 1 నుంచి 10 గంటల మధ్య పెరిగిన వంపు, 10 నుంచి 100, 100 నుంచి 1000 మధ్య పెరిగినంతే ఉంటే జిగురు కుదుట పడుతోందని అర్థం. ప్రతి దశలో పెరుగుదల ముందుదానికి రెట్టింపవుతుంటే ఆ జిగురు మీకు వద్దు. వేడి పెట్టెలో వెయ్యి గంటల వంపు మొదటి నిమిషం వంపుకు మూడు రెట్లు దాటినా వద్దు.

ఆరు వారాలు ఎవరు ఆగుతారని యజమాని అడుగుతారు. వంద గంటల అంకెలు నాలుగు రోజుల్లో వచ్చేస్తాయి, పనికిరానివి అప్పటికే పట్టుబడతాయి. మిగిలిన వారాలు ఉపరితలం తయారీకి, సామాను రావడానికి ఎలాగూ పడతాయి. ఒకటి రెండు ముక్కలను డీఎస్‌సీ యంత్రం (వేడి చేస్తూ ముక్క పీల్చే వేడిని కొలిచేది) ఉన్న ల్యాబ్‌కు పంపితే టీజీ కూడా తేలుతుంది. దానికి కొన్ని మిల్లీగ్రాములు చాలు.

ఎప్పుడు అతికించాలి

ఫిబ్రవరి, మార్చి. పగలు 30 నుంచి 36 డిగ్రీలు, గాలి పొడి, కాంక్రీట్‌లో తడి తక్కువ. ఇందులో ఇంకో లాభం ఉంది. ముప్పై డిగ్రీల్లో గట్టిపడిన జిగురుకు ఏప్రిల్ వేడి రోజూ కాస్త కాస్త ఎక్కుతూ పోస్ట్ క్యూరింగ్‌లా పనిచేసి టీజీని పైకి తోస్తుంది. భారం ఆలోగా పడకుండా ఉంటే మే వచ్చేసరికి జిగురు సిద్ధం.

డిసెంబర్‌లో రాత్రి 10, 12 డిగ్రీలకు దిగినప్పుడు అతికిస్తే జిగురు సగమే గట్టిపడి ఆగుతుంది. తప్పనిసరైతే దూలం చుట్టూ తార్పాలిన్ కట్టి, లోపల హాలోజన్ ల్యాంపులతో 45 నుంచి 50 డిగ్రీలు ఒక రోజంతా నిలపండి. నేరుగా మంట వద్దు. వానాకాలంలో అసలు వద్దు: తేమ గాలికి హార్డెనర్ పైకి తేలి జిగట పొర కడుతుంది, తర్వాతి పొర దానికి అంటదు. మే మధ్యాహ్నం కూడా వద్దు, డబ్బాలోనే గట్టిపడుతుంది.

కాంక్రీట్ తయారీ

పుల్ ఆఫ్ పరీక్ష ముందు కాంక్రీట్ మీదే చేయండి. 50 మి.మీ. డాలీ (లాగడానికి వాడే గుండ్రని లోహపు బిళ్ల) అతికించి లాగితే కనీసం 1.4 మెగాపాస్కల్, అంటే సుమారు 280 కిలోల లాగుడుకు ఆగాలి. కాంక్రీట్ బలం 17 మెగాపాస్కల్ కంటే తక్కువైతే పట్టీ వేయకండి. తుప్పు పట్టి ఉబ్బిన సలాకల మీద పట్టీ వేస్తే లోపల తుప్పు ఆగదు, రెండేళ్లలో కవర్ మొత్తం పట్టీతో సహా కిందికి వస్తుంది. ముందు ఆ కాంక్రీట్ తీసి, సలాకలు శుభ్రం చేసి, రిపేర్ మాల్ వేసి, 28 రోజులు ఆగండి.

డైమండ్ కప్ గ్రైండర్‌తో పైపొర సిమెంట్ పాలు పోయి కంకర ముఖం కనిపించేదాకా గీయండి. రెండు మీటర్ల ఇంచుపట్టీ ఆనిస్తే 10 మి.మీ., ముప్పై సెంటీమీటర్ల పట్టీ ఆనిస్తే 4 మి.మీ. కంటే సందు ఉండకూడదు. ఎత్తుపల్లాలను జిగురుతో నింపుకుందాం అనే మేస్త్రీతోనే పెద్ద చిక్కు. జిగురు సాగే మొత్తం దాని మందాన్ని బట్టి పెరుగుతుంది, 2 మి.మీ. పొర జారినదానికి 8 మి.మీ. పొర నాలుగింతలు జారుతుంది. పల్లాలను ఎపాక్సీ పుట్టీతో కాకుండా రిపేర్ మోర్టార్‌తో నింపి, అది ఆరాక గీయండి.

మన వైపు దుమ్ము వేరు. బొగ్గు గనులు, థర్మల్ ప్లాంటు, గడ్‌చాందూర్ వైపు సిమెంట్ ప్లాంట్లు ఉన్నచోట ఉదయం తుడిచిన ముఖం మీద సాయంత్రానికే సన్నని పొర పేరుకుంటుంది. కాబట్టి వ్యాక్యూమ్ కొట్టిన రోజే పట్టీ వేయండి. కంప్రెసర్ గాలి కొడితే నూనె చుక్కలు పడతాయి, ఆయిల్ ఫిల్టర్ లేకపోతే వాడకండి.

తడి చూడడానికి 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీట్‌ను టేపుతో నాలుగు వైపులా మూసి 16 గంటలు ఉంచండి. లోపల చెమ్మ కనిపిస్తే ఆగండి. కాంక్రీట్ ముఖం వేడి, గాలిలో తేమ చెమ్మగా పట్టే ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి.

కలపడం, అతికించడం

ఉదయం ఆరు నుంచి తొమ్మిది మధ్య పని ముగించండి. డబ్బాలు రాత్రంతా నీడలో ఉండాలి. కంపెనీ ఇచ్చిన నిష్పత్తి, ఉదాహరణకు 3:1 అయితే, 750 గ్రాముల రెసిన్‌కు 250 గ్రాముల హార్డెనర్. ఒక గ్రాము చూపే కాటా మీద తూయండి. గరిటెతో కొలతలు, కంటితో అంచనాలు ఇక్కడ చెల్లవు. హార్డెనర్ ఎక్కువ పడితే త్వరగా గట్టిపడుతుందని కొందరు నమ్ముతారు. కానీ మిగిలిన హార్డెనర్ జిగురులోనే ఉండిపోయి దాన్ని మెత్తగా ఉంచుతుంది, వేడికి సాగేది మొదట ఆ బ్యాచే. చిక్కగా ఉందని థిన్నర్ పోయడం ఇంకా చెడ్డది. పూత పొరలోంచి ఆవిరయ్యే థిన్నర్, పట్టీ కింద మూసుకున్నాక ఎటూ పోదు.

ఒకసారికి కిలో మించి కలపకండి. 400 ఆర్‌పీఎం దాటకుండా మూడు నిమిషాలు, రంగు గీతలు పోయేదాకా. 20 డిగ్రీల్లో గంటన్నర ఉండే పాట్ లైఫ్ (కలిపాక వాడగలిగే సమయం) 35 డిగ్రీల్లో అరగంటకు వస్తుంది. డబ్బా గోడ చేతికి వేడిగా తగిలితే ఆ మాల్ పారేయండి.

పట్టీని అసిటోన్‌తో తెల్ల గుడ్డ నల్లబడనంత వరకు తుడవండి. కాంక్రీట్ మీద ఒక మి.మీ. పొర నొక్కి పూయండి. పట్టీ మీద మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్చగా, ఇంటి కప్పు వాలులా పూయండి. నొక్కినప్పుడు గాలి మధ్య నుంచి అంచులకు పోవాలి. రబ్బరు రోలర్‌తో నడుమ నుంచి రెండు కొనల వైపు నొక్కుతూ పోతే, రెండు అంచుల్లోనూ జిగురు గీతగా బయటికి రావాలి. రాని చోట లోపల బోలు ఉన్నట్టే. చివరి మందం 2 మి.మీ. రావాలి, 3 దాటకూడదు. 50 మి.మీ. పట్టీకి మీటరుకు 165 గ్రాముల జిగురు లెక్క, వృథాతో కలిపి 220 నుంచి 250 గ్రాములు తెప్పించండి. చేతులకు నైట్రైల్ గ్లవ్స్ ఉండాలి, హార్డెనర్ చర్మానికి తగిలి తగిలి ఒకసారి అలర్జీ పట్టుకుంటే జీవితాంతం వదలదు.

కొనల్లో యూ ఆకారం ర్యాప్ వేయండి, 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) కార్బన్ షీట్, 200 మి.మీ. వెడల్పు, దూలం పక్కల మీదికి వీలైనంత ఎత్తు. దూలం అంచులను ముందే కనీసం 13 మి.మీ. రేడియస్‌కు గుండ్రంగా గీయాలి, 20 అయితే మంచిది. జిగురు సాగినా పట్టీ కొన కిందికి తెరుచుకోకుండా పట్టి ఉంచేది ఈ ర్యాపే. కార్బన్ ఎక్కడైనా బయటికి కనిపించే ఉక్కుకు తగిలితే మధ్యలో ఒక గాజు ఫైబర్ పొర పెట్టండి, లేకపోతే ఉక్కు తుప్పు పడుతుంది. పైన లేత రంగు అక్రిలిక్ లేదా పాలీయురెథేన్ పెయింట్.

ఎప్పుడు భారం పెట్టాలి

ప్రాప్‌లు (దూలం కింద పెట్టిన తాత్కాలిక ఆసరా స్తంభాలు) ఏడు రోజులకు ముందు తీయకండి. జాకీతో ఎత్తి వేసినవైతే పద్నాలుగు రోజులు. బేళ్లు, రీళ్లు, బస్తాలు లాంటి కదలని భారం 28 రోజుల తర్వాతే. పచ్చిగా ఉన్నప్పుడు భారం పడితే వచ్చే క్రీప్, తర్వాత పడితే వచ్చేదానికి ఎన్నో రెట్లు ఉంటుంది. నిల్వను కూడా ఒక్క రోజులో నింపకుండా రెండు మూడు విడతల్లో పేర్చండి.

తర్వాత ఏం చూడాలి

రెండు కొనల్లో పట్టీ అంచు నుంచి కాంక్రీట్ మీదికి సన్నని గీత ఒకటి సూదితో గీసి, తేదీ రాయండి. స్పాన్ మధ్యలో దూలం కింద నుంచి నేల మీద శాశ్వత గుర్తుకు ఎత్తు కొలిచి రాసుకోండి. కొలత ఎప్పుడూ ఉదయం ఏడింటికే. మధ్యాహ్నం కొలిస్తే ఎండ వల్ల దూలం వంగిన వంపు కూడా అందులో కలుస్తుంది. నెల తర్వాత, మొదటి మే చివర్లో, మొదటి వానాకాలం దాటాక, ఆ పైన ఏడాదికోసారి చూడండి. కాంక్రీట్ కూడా క్రీప్ అవుతుంది, అందుకే మొదటి ఏడాది వంపు కొంచెం పెరగడం సహజం. మొదటి మేలో ఒక్కసారిగా పెరిగితే మాత్రం అది జిగురు పని.

చిన్న సుత్తితో పట్టీ పొడవునా తట్టండి. డొల్ల శబ్దం వచ్చినచోట పెన్సిల్‌తో చుట్టండి. ఒక్కోటి 1300 చదరపు మి.మీ. కంటే చిన్నదై, మొత్తం పట్టీ వైశాల్యంలో 5 శాతం లోపు, చదరపు మీటరుకు పది లోపు ఉంటే వదిలేయవచ్చు. అంతకంటే పెద్దదై 16,000 చదరపు మి.మీ. లోపు ఉంటే ఎపాక్సీ ఇంజెక్షన్. అది కూడా దాటితే ఆ భాగం కోసి కొత్తది వేయాలి.

కొనల్లో ఉన్న డొల్లకు ఈ హద్దులు వాడకండి. చివరి అర మీటరులో చిన్న డొల్ల కూడా ప్రమాదమే. వెంటనే ప్రాప్ పెట్టి, పైన సరుకు దించి చూడండి. సూది గీత పట్టీ అంచు దగ్గర విరిగి పక్కకు జరిగి ఉంటే జిగురు సాగింది, అక్కడ మళ్లీ అదే జిగురు ఇంజెక్ట్ చేస్తే వచ్చే మేలో మళ్లీ జారుతుంది. పట్టీ తీసి చూస్తే దాని వెనుక కాంక్రీట్ పొర అంటుకుని వచ్చిందా, నున్నటి జిగురు మాత్రమే ఉందా అన్నది ముందు గమనించండి. కాంక్రీట్ అంటుకుని వస్తే కొన పొట్టిదై శిఖరం ఎక్కువైంది, యూ ర్యాప్‌తో పాటు పట్టీని పొడిగించాలి. నున్నటి జిగురు వేలిగోటికి దిగితే కలపడం తప్పో, టీజీ తక్కువో. అప్పుడు మొత్తం గీసేసి, ఎక్కువ టీజీ ఉన్న వేరే జిగురుతో, ఈసారి కొనల్లో బోల్టులతో బిగించిన స్టీలు ప్లేట్లు కూడా పెట్టి వేయండి.